తెల్ల అక్షరాల చిరునామా

సెలూన్‌లో కుర్చీ వెనక్కి వాల్చుకుని, ముఖం మీద వేడి తువాలు వేయించుకుని, బాబాయి హాయిగా కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. పక్క కుర్చీలో క్షవరం చేయించుకుంటున్న పెద్దమనిషి, పాపం కునుకు తీస్తున్నాడనుకున్నాడు. తువాలు కప్పిన మనిషి చేతులు తుడుచుకుంటూ వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సెలూన్ యజమాని సిగరెట్టు పారేసి లోపలికొచ్చి, "ఇందాక ఇక్కడ గడ్డం గీస్తున్నది ఎవరండీ?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు. బాబాయి మెడ మీద మాత్రం చీమ కుట్టినంత గుర్తు ఉంది.

బయట వాన దంచి కొడుతోంది. కాసేపటికి పెళ్ళి సంబంధాల బ్యూరోలో ఫోన్ మోగింది.

"బాబాయి చూసిన సంబంధం తప్పిపోయిందండీ" అంది ఒక ఆడగొంతు.

"అయ్యో. మరి ఫోటో?"

"నా దగ్గరే ఉంది."

"జాగ్రత్తమ్మా."

అంతే. ఫోన్ పెట్టేశారు.

ఆ బ్యూరో మేడ మెట్ల కింద గదిలో నిజంగానే ఆల్బములు ఉండేవి. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఫోటోలు తీయడానికి ఒక గది, అందులో అద్దం, పౌడరు, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యరు ఉండేవి. ఇస్త్రీపెట్టె, డ్రయ్యరు ఒకేసారి వేస్తే ఇల్లంతా ఫ్యూజు పోయేది. మేడ మీద నుంచి ఒకతను కేకలేసేవాడు. ఆ కేకలేసేది సంబంధాలు చూసే గుమాస్తా అని వచ్చినవాళ్ళు అనుకునేవారు. అతను గూఢచారి శాఖ కంప్యూటర్ మనిషని వాళ్ళకేం తెలుసు!

ఆ శాఖలో ఎవరికీ పేర్లు లేవు, వరసలే ఉన్నాయి. దొంగచాటుగా ఫోన్ విన్నవాడు, ఎవరో చుట్టాలు పోట్లాడుకుంటున్నారని విసుక్కుని పెట్టేయాలి. అదీ ఏర్పాటు. అందరికంటే పెద్దాయన పెదనాన్న. కంప్యూటర్ చూసేవాడు తోడల్లుడు, అతనికి పెళ్ళే కాలేదు. ఇక ఏ పనికి పంపినా అనుమానాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళే ఏజెంటు ఒకడున్నాడు, అతను బావ.

మర్నాడు పొద్దున్నే బావకు కబురొచ్చింది.

"కూర్చో అబ్బాయ్" అన్నాడు పెదనాన్న, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆయన గది ఎప్పుడూ ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ రోజూ అంతే. మూల మాత్రం పూలపూల గొడుగు ఒకటి తెరిచి ఆరబెట్టి ఉంది. బావ దాన్ని ఒకసారి చూసి, చూపు తిప్పుకుని కూర్చున్నాడు.

"కంపెనీ సంగతి నీకు తెలుసు కదా. ఎగుమతుల వ్యాపారం అని బోర్డు. లోపలంతా విదేశీ ముఠా. అందులో మనకు కబుర్లు చేరవేసే ఇన్ఫార్మర్లు కొందరున్నారు. వాళ్ళందరితోనూ ఈమెయిల్లో మాట్లాడేది బాబాయి ఒక్కడే."

"వాళ్ళెవరండీ?"

"నాకూ తెలీదు. తెలియకూడదనే రూలు పెట్టింది నేనే. జాబితా అనేది పుట్టిందంటే ఏదో ఒక రోజు పరాయి చేతిలో పడి తీరుతుంది. అందుకని బాబాయి ఏం చేశాడంటే, ఒక పెన్ డ్రైవ్ నిండా చెత్త ఫైళ్ళు నింపాడు. మెషీన్ల మాన్యువల్స్, క్లబ్బుల పత్రికలు, వేలాది పేజీలు. వాటి నిండా ఎవరెవరివో ఈమెయిల్ అడ్రసులు. ఏ అడ్రసైతే సరిగ్గా రెండు ఫైళ్ళలో కనబడుతుందో అది మనవాళ్ళది. తక్కినవన్నీ పొట్టు."

"ఆ డ్రైవ్ ముఠా చేతిలో పడితే?"

"పడినా తెరవలేరు. అది తపాలా డబ్బా లాంటిది. మన ఆఫీసు వాళ్ళెవరైనా అందులో ఫైలు వేయగలరు. తీయడం మాత్రం తోడల్లుడి మెషీన్‌కే వచ్చు." పెదనాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఇవాళ సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు కంపెనీ గేట్లు మూసేసి, అందరి ఫోన్లూ తనిఖీ చేస్తారట. కంపెనీలో తిరిగే మన మరదలు తెచ్చిన కబురు. ఆలోపు మనవాళ్ళు బయటపడాలి. అడ్రసులు బయటికి తీయించు. హెచ్చరిక నేను పంపుతాను."

"డ్రైవ్ మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?"

"ఇందాకే. మరదలు తెచ్చిచ్చింది." గొంతు తగ్గించాడు. "నువ్వు ఎవర్నీ నమ్మవు కదా అబ్బాయ్. ఇవాళ ఆ గుణం బాగా వాడు. డ్రైవ్ రాత్రంతా ఎవరి దగ్గరుందో మర్చిపోకు."

బావ లేచాడు. మెట్లెక్కుతుంటే చెల్లెలు గుర్తొచ్చింది. ఆ ఆఫీసులో చెల్లెలు అనే మాటకు విలువ లేదు, ఎవరినైనా అనొచ్చు. కాని బావకు నిజంగానే ఒక చెల్లెలుంది, ఒకే తల్లి కడుపున పుట్టిన చెల్లెలు. ఆమె కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరు. బాబాయి ఆమెను ఇన్ఫార్మరుగా ఎప్పుడు చేర్చుకున్నాడో బావకు తెలియదు. ఒక రోజు టీ తాగుతూ, "నీ చెల్లెలు మన దగ్గర బట్టలుతుకుతోందిరా. ఏదైనా ఫిర్యాదు ఉంటే చెప్పు" అని నవ్వాడు. ఆమె ఇన్ఫార్మరని అప్పుడే అర్థమై బావకు టీ అడ్డం పడింది. ఆ మాటలో మిగతా సగం ఇవాళ తెలిసింది. వాషింగ్ మెషీన్ మాన్యువల్, ఫిర్యాదుల పేజీ. ఆమె అడ్రసు అక్కడుందన్నమాట. రూలు తప్పి బాబాయి చెప్పిన మాట అదొక్కటే.

ఇవాళ సాయంత్రం ఆ చెల్లెలు షిఫ్టులోనే ఉంటుంది.

మేడ మీద ఇనప తలుపు వెనక తోడల్లుడు, అతని మెషీను. దాని పేరు జల్లెడ. గోడకు మెయిన్ స్విచ్, ఫ్యూజుల పెట్టె. కిటికీ లేదు.

మరదలు అప్పటికే వచ్చి, బల్ల మీద ఒక కాలు ఊపుతూ కూర్చుంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పట్టు జాకెట్టు, గదంతా సెంటు. కంపెనీ వాళ్ళు ఆమెను తమ ఏజెంటు అనుకుంటారు. శాఖవాళ్ళు తమ ఏజెంటు అనుకుంటారు. ఆమె ఏమనుకుంటుందో ఆమెకే తెలియాలి.

"వచ్చావా బావా? ఇవాళ నన్ను ఎన్నిసార్లు అనుమానిస్తావో ముందే చెప్పెయ్యి, కాఫీ తెచ్చుకుంటాను."

"ఒక్కసారే. అది అయ్యేదాకా ఆపను."

"అబ్బో! ఇంత ప్రేమ ఎక్కడ పెట్టుకోను?" అని తోడల్లుడి వైపు తిరిగింది. "అయినా దీనికింత తతంగం ఎందుకు? ఫోన్‌లో బోలెడు సైట్లున్నాయి. టెక్స్ట్ పేస్ట్ చేస్తే చిటికెలో అడ్రసులన్నీ ఏరి ఇస్తాయి. ఫ్రీ కూడాను."

తోడల్లుడు కుర్చీలోంచి లేవబోయి మోకాలు బల్లకు కొట్టుకున్నాడు. "ఫ్రీయా! వాడెవడు, నీ మేనమామా, ఊరికే చేసి పెట్టడానికి? నువ్వు పేస్ట్ చేసిన మాటంతా వాడి సర్వర్‌కి వెళ్తుంది. వాడు నీకో కాపీ ఇచ్చి తనకో కాపీ ఉంచుకుంటాడు. ఆ తర్వాత ఎవరికి అమ్ముకుంటాడో దేవుడికెరుక."

"అడిగినందుకు కరుస్తావేం?"

"నా జల్లెడ చూడు. నెట్ ఉండదు. పంపేటప్పుడు మాత్రమే లైను తగిలిస్తాను. హార్డ్ డిస్క్ లేదు. ఏరినదంతా మెమరీలోనే, కరెంటు పోతే అదీ పోతుంది. బ్యాటరీ కూడా కావాలనే పెట్టలేదు. స్క్రీన్ మీద కూడా మొదటి అక్షరం, తర్వాత చుక్కలు. నాకే కనబడవు. ఇంకొకళ్ళ అడ్రసు నేనెందుకు చదవాలి? నా పని ఏరడం, చూడటం కాదు."

మరదలు బావ చెవి దగ్గరికి వంగి, "ఇతనికి సంబంధం ఎందుకు కుదరడం లేదో ఇప్పుడు తెలిసింది" అని, నవ్వుకుంటూ కిందికి దిగిపోయింది.

ఆ సైటు మాట అమాయకంగా అందా, కావాలని అందా? బావ దాన్ని మనసులో ముడి వేసుకున్నాడు.

తోడల్లుడు డ్రైవ్ తగిలించాడు. జల్లెడ ఒక్కసారి గురగురమని ఫైళ్ళను మింగడం మొదలెట్టింది.

"దీనికి భాష రాదు బావగారూ. ముందు కొన్ని అక్షరాలు, మధ్యలో ఆ గుండ్రటి గుర్తు, వెనక ఒక చుక్క. ఆ ఆకారం కనబడితే పట్టేస్తుంది. ప్రేమలేఖ అయినా ఒకటే, బిల్లు అయినా ఒకటే."

కాసేపటికి తెర మీద వరసలు నిలిచాయి. ముసుగేసుకున్న అడ్రసులు, వాటి పక్కన అవి దొరికిన రెండేసి ఫైళ్ళ పేర్లు. పెదనాన్నకు ఫోన్ చేసి, "జల్లించడం అయిందండి" అని చెప్పాడు తోడల్లుడు.

బావ వేలితో చూపించాడు. "ఈ వాషింగ్ మెషీన్ మాన్యువల్ తెరువు."

"ఎందుకు?"

"నీ మెషీన్ని కూడా నమ్మను కాబట్టి."

అది ఆఫీసులో అందరికీ తెలిసిన జాడ్యమే. తోడల్లుడు నిట్టూర్చి తెరిచాడు. ఫిర్యాదుల పేజీలో, తయారీదారు చిరునామా కింద, ఎంతో మర్యాదగా ఒక ఈమెయిల్ కూర్చుని ఉంది. బావ దాన్ని చదవలేదు, అక్కడ ఉందని చూసుకున్నాడంతే. బాబాయి పనితనం అది. అడ్రసు ఉండవలసిన చోటే అడ్రసు పెడతాడు. ఎదురుగా ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు.

"ఇప్పుడు చిట్టచివరి వరస." వెనక బెంచీలో కూర్చున్నవాణ్ణి ముందు తనిఖీ చేయడం బావకు అలవాటు.

అది కుట్టుమిషన్ నూనె గురించిన కరపత్రం. బావ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మళ్ళీ చదివాడు. నూనె ఉంది, సూది ఉంది, దారం ఉంది. అడ్రసు లేదు.

"నీ జల్లెడకు చిల్లు పడింది."

"నా జల్లెడ అబద్ధం చెప్పదు!" తోడల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "ఉందంటే ఉంది." పేజీ మొత్తాన్ని మౌస్‌తో ఎంచాడు. తెల్ల కాగితం అంతా నీలంగా మారింది. అట్టడుగున, ఖాళీ అనుకున్న చోట, చీమల బారులా ఒక వరస బయటపడింది. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో ఒక ఈమెయిల్ అడ్రసు.

బావ తెర దగ్గరికి వంగాడు.

"మనిషి కంటికి కనబడకుండా రాశారంటే, అది మనిషి చదవడానికి రాసింది కాదు" అన్నాడు బావ నెమ్మదిగా. "జల్లెడకు చిక్కాలని రాసింది. నేను తెరిచి చూసినా నాకు దొరక్కూడదని రాసింది. ఇది బాబాయి చేతి పని కాదు. ఇది ఎప్పుడు వేశారో చెప్పగలవా?"

"డబ్బాలో వేయగానే ముద్ర పడుతుంది. దాన్ని ఎవరూ మార్చలేరు." తోడల్లుడు చూశాడు. చూసి తడబడ్డాడు. "నిన్న రాత్రి. దీని జత ఫైలు కూడా."

"బాబాయి పోయింది నిన్న సాయంత్రమే."

"మరి ఈ అడ్రసు ఎవరిది?"

"ముఠాది. హెచ్చరిక వాళ్ళకూ ఒక కాపీ వెళ్ళాలి. అంతే వాళ్ళ కోరిక." బావ గుమ్మం దాటుతూ అన్నాడు. "నేను వచ్చేదాకా ఎవరికీ ఏమీ పంపకు."

ఫోటోల గదిలో మరదలు అద్దం ముందు కూర్చుని పెదాలకు రంగు వేసుకుంటోంది. బావ తలుపు మూసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. చెయ్యి కోటు లోపల ఉంది.

"రాత్రంతా డ్రైవ్‌తో ఏం చేశావు?"

అద్దంలోంచే చూసింది. "రాత్రా? 'ఫోటో నా దగ్గరే ఉంది' అని ఫోన్ చేసి, నిన్న సాయంత్రమే ఇచ్చేశాను కదా."

"ఎవరికి?"

"ఎవరికేమిటి, పెదనాన్నకి. ఆ వానలో తడిసి ముద్దయి వచ్చి ఆయన చేతిలో పెట్టాను. టీ అయినా తాగుతావా అమ్మా అని అడగలేదు, పిసినారి. ఇవాళ పొద్దున మళ్ళీ రమ్మంటే వచ్చాను, అంతే."

"అబద్ధం చెప్పడం నీ వృత్తి."

"అవును, వృత్తే. నీ దగ్గర చెప్పాలంటే ఓవర్ టైమ్ అవుతుంది." లిప్‌స్టిక్ మూత పెట్టింది. ఈసారి గొంతులో నవ్వు లేదు. "ఏమైంది బావా?"

వాన కురిసింది నిన్న సాయంత్రం. రాత్రి వెలిసింది. ఇవాళ చుక్క పడలేదు. పెదనాన్న గదిలో మూల ఆరబెట్టిన పూలపూల గొడుగు బావ కళ్ళ ముందు విచ్చుకుంది.

"నీ గొడుగేదీ?"

"అయ్యో! అదీ ఆయన గదిలోనే మర్చిపోయాను. ఎందుకూ?"

బావ కోటులోంచి చెయ్యి తీశాడు. లెక్క తేలిపోయింది. రెండు ఫైళ్ళ సంగతి తెలిసినవాడు, బావ జాడ్యం తెలిసినవాడు, రాత్రి డ్రైవ్ దగ్గరున్నవాడు, జల్లెడ మాత్రం చేతిలో లేనివాడు. ఏరిన అడ్రసులు తెర మీద ముసుగులోనే ఉంటాయి కనుక, వాటిని మెయిల్ మీద మోయించుకుని బయటికి పంపేవాడు. పెదనాన్న.

సరిగ్గా అప్పుడే తోడల్లుడు మెట్ల మీద నుంచి దొర్లినంత పని చేసి వచ్చి తలుపు బాదాడు.

"బావగారూ! పెదనాన్న పైకి వచ్చారు. పంపేటప్పుడు ఒక్కడే ఉండాలి, రూలు అని నన్ను బయటికి నెట్టి లోపల గడియ వేసుకున్నారు. లైను తగిలించేశారు. ఒక్కొక్కరికి విడిగా పంపాలండీ అంటే, టైం లేదు, అందర్నీ ఒకే వరసలో పెట్టి ఒకే మెయిల్ కొడతానంటున్నారు! అలా వెళ్తే అందుకున్న ప్రతివాడికీ తక్కిన అందరి అడ్రసులూ కనబడతాయి."

అందుకున్న ప్రతివాడికీ. ముఠాకు కూడా. కనబడే అడ్రసుల్లో ఫిర్యాదుల పేజీలో ఒదిగి కూర్చున్న చెల్లెలిదీ ఉంటుంది.

ముగ్గురూ మేడెక్కి ఇనప తలుపు దగ్గర ఆగారు. లోపల కీబోర్డు చప్పుడు. టక్. ఆగి, మళ్ళీ టక్. పెదనాన్న ఒంటి వేలితో టైపు చేస్తాడు. ఆయన నిదానం మీద ఆఫీసులో ఎన్ని జోకులో! ఈ వేళ ఆ నిదానమే వాళ్ళను కాపాడుతోంది.

"మెయిన్ స్విచ్?" అన్నాడు బావ.

"అదీ లోపలే."

"తలుపు?"

"ఫిరంగి కావాలి."

లోపల ఒక బీప్ వినిపించింది. తోడల్లుడు తలుపుకు చెవి ఆనించాడు. "అది నేను పెట్టిందే. అడ్రసులు అందరికీ కనబడతాయి, ఖాయమేనా అని అడుగుతోంది. 'ఖాయమే' అని టైపు చేయడమే తరువాయి బావగారూ."

బావ వెనక్కి తిరిగేసరికి మరదలు లేదు.

పారిపోయిందా? అంతలో మెట్ల కింద నుంచి ఎత్తు చెప్పుల చప్పుడు, ప్లగ్గు దూర్చిన శబ్దం, హెయిర్ డ్రయ్యరు హోరు, దాని మీద మరదలి కేక.

"ఇస్త్రీపెట్టె కూడా వేస్తున్నాను! తర్వాత నన్ను తిట్టకండి!"

ఠప్!

కిటికీల్లేని ఆ మేడంతా చీకటి. డ్రయ్యరు మూలుగుతూ ఆగిపోయింది. జల్లెడ గురగుర ఆగిపోయింది. ఇనప తలుపు వెనక వేలు ఒకటి మాత్రం ఇంకా టక్ టక్‌మని కొడుతోంది. మరికాసేపటికి అదీ ఆగింది.

ఎప్పుడూ డ్రయ్యరును తిట్టే తోడల్లుడు చీకట్లో గోడకు చేరబడి, "నా తల్లే" అన్నాడు.

గడియ తీసిన చప్పుడు. పెదనాన్న బయటికి వచ్చాడు. బావ చేతిలో టార్చి, దాని పక్కన పిస్తోలు.

"ఫ్యూజు పోయింది అబ్బాయ్" అన్నాడు పెదనాన్న మామూలుగా.

"అవునండి. మెయిల్ వెళ్ళలేదు. ఎవరి గొడుగు వాళ్ళకిచ్చేయండి."

పెదనాన్న కళ్ళజోడు తీశాడు. తుడవలేదు. మెట్లెక్కి వచ్చిన మరదలితో సహా ముగ్గురి వైపూ చూశాడు.

"ఎందుకు చేశారు?" అని అడిగాడు బావ. ఇంతకాలం తను ఆయన్ను నమ్మాడని అతనికి అప్పుడే తెలిసింది.

"ఈ కుర్చీలో కూర్చుని ముసలివాణ్ణయ్యాను. ఒక్కరూ నా పేరు పెట్టి పిలవలేదు. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ముఠావాళ్ళు నా అసలు పేరుతో పిలిచారు అబ్బాయ్." కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు. "నాకే కొత్తగా వినబడింది."

బావ ఆయన చేతులకు బేడీలు వేసి, మెట్లు కనబడేలా టార్చి వెలుగు ఆయన కాళ్ళ ముందు పట్టుకుని దింపాడు.

ఫ్యూజు తీగ మార్చారు. ఖాళీ బుర్రతో లేచిన జల్లెడకు డ్రైవ్ మళ్ళీ తినిపించారు. తెల్ల అక్షరాల అడ్రసున్న ఆ రెండు ఫైళ్ళూ పక్కన పెట్టారు. షిఫ్టు మారడానికి ఇంకా కాస్త టైం ఉంది. తోడల్లుడు ఒక్కొక్కరికీ విడివిడిగా, ఎవరికీ ఇంకొకరు కనబడకుండా, పైన ఎవరి ఫైలు పేరు వాళ్ళకు పెట్టి, ఒకటే మాట పంపాడు. "మీ వారంటీ నేటితో ముగిసింది." అంటే ఉన్నపళాన లేచి వచ్చేయమని.

"ఆ తెల్ల అక్షరాల వాడికి?" అంది మరదలు.

"వాడికి కూడా రాయి. సంబంధాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, స్వయంగా వచ్చి తీసుకోమను. గుమ్మంలో నేనుంటాను" అన్నాడు బావ తోడల్లుడితో.

తర్వాత ఎదురుచూపులు. బావ నిలబడలేదు, కూర్చోలేదు. ఇనప తలుపుకూ బల్లకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. అతని చెల్లెలి సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. అయినా మరదలు ఎందుకో ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం అవుతుండగా జల్లెడ ఒకసారి మోగింది. ముసుగేసుకున్న అడ్రసు నుంచి జవాబు. తోడల్లుడు బిగ్గరగా చదివాడు.

"బస్సులో ఉన్నాను. నాకు వాషింగ్ మెషీనే లేదు. పనీపాటా లేక ఇలాంటివి పంపుతారేం? నా అడ్రసు మీకెవరిచ్చారు? వెంటనే మీ జాబితాలోంచి తీసేయండి."

బావ కుర్చీలో కూలబడ్డాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"ఈవిడకు బాగా కోపం వచ్చినట్టుంది బావగారూ."

"చిన్నప్పటి నుంచీ అంతే" అన్నాడు బావ, అని నాలుక కరుచుకున్నాడు.

మరదలు వినలేదన్నట్టు గొడుగు మడత పెట్టుకుంటోంది. తోడల్లుడు కీబోర్డు మీద చేతులు పెట్టి, బుర్ర గోక్కున్నాడు.

"అదంతా సరే. తీసేయమంటోంది. దేంట్లోంచి తీయాలి? మన దగ్గర జాబితాయే లేదు కదా!"